లినక్స్‌లో ఫైల్‌ని 0, 1 అంకెల్లో చూడటం ఎలా? క్యాట్ కొడితే అక్షరాలే వస్తున్నాయి

క్యాట్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు స్క్రీన్ మీద పోస్తుంది, అంతే. మీకు కావలసింది ఎక్స్‌ఎక్స్‌డి అనే కమాండ్. ఆ పేరు కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ బి, మళ్లీ ఖాళీ, తర్వాత ఫైల్ పేరు. అన్నీ చిన్న అక్షరాలే. వరుసకు 6 బైట్లు వస్తాయి, ఒక్కో బైట్ ఎనిమిది అంకెలు. కుడివైపు తెలుగు ఉండాల్సిన చోట చుక్కలు పడతాయి, కంగారుపడకండి.

హైఫన్ బి తీసేస్తే హెక్స్‌లో, అంటే బైట్‌కు రెండేసి గుర్తులతో పొట్టిగా వస్తుంది. నేను మామూలుగా అదే వాడతాను, సున్నాలు లెక్కపెడుతూ కూర్చుంటే కళ్లు లాగేస్తాయి. ఒక్కసారి మాత్రం బైనరీయే ఆదుకుంది.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాకు డీటీపీ షాపు ఉంది. శుభలేఖల పార్సిళ్లకు ఊరి పేరు కొడితే ఛార్జీ చెప్పే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. చీపురుపల్లి వచ్చింది, గజపతినగరం వచ్చింది. జాబితాలో మొదటి ఊరు బొబ్బిలికి మాత్రం 'ఊరు లేదు' అంటుంది. మా మేనల్లుడు ఆ పేరు చెరిపి మూడుసార్లు మళ్లీ టైప్ చేశాడు. "కళ్ల ముందే ఉంది కదా మావయ్యా!" అని వాడి గోల.

చివరికి ఎక్స్‌ఎక్స్‌డి పెట్టాను. మొదటి వరుస ఇది:

11101111 10111011 10111111 11100000 10110000 10101100

యుటిఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అది) 1110తో మొదలయ్యే బైట్ అంటే అక్కణ్నుంచి మూడు బైట్లు కలిసి ఒక గుర్తు. 10తో మొదలయ్యేవి దాని వెనక నడిచేవి. హెక్స్‌లో ఇది ఇంత సూటిగా కనబడదు. ఇక్కడ చివరి మూడు బైట్లు 'బ'. మరి ముందున్నవి? అది బీఓఎమ్, కంటికి కనబడని గుర్తు. జాబితా మొదట విండోస్ నోట్‌ప్యాడ్‌లో టైప్ చేశాం, సేవ్ చేసినప్పుడు అది వచ్చి కూర్చుంది. 'బొబ్బిలి' కంటికి మూడక్షరాలే అయినా లోపల 8 గుర్తులు, 24 బైట్లు. మా ఫైల్‌లో ఆ పేరు పూర్తయ్యేసరికి 27 ఉన్నాయి. పేరు ఎన్నిసార్లు చెరిపినా ఫైల్ మొదట్లోని ఆ మూడూ కదల్లేదు.

పైథాన్‌లో ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8-సిగ్ అని ఇచ్చాను. అలా ఇస్తే మొదట్లోని ఆ గుర్తును వదిలేసి చదువుతుంది. బొబ్బిలి ఛార్జీ వచ్చేసింది.

మీ ఫైల్ పెద్దదైతే ఫైల్ పేరుకు ముందు హైఫన్ ఎల్, ఖాళీ, 12 కూడా చేర్చండి. మొదటి 12 బైట్లే చూపిస్తుంది. లేకపోతే స్క్రీన్ నిండా సున్నాలే.