ఆదివారం ప్రసంగం, సోమవారం తరుగు

నాయనా,

ప్రభువు పేరిట దీవెనలు. నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి మీ అత్తయ్య పడుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంకోసారి. యాభై రెండు నిమిషాలు మాట్లాడావు. నరకం అన్న మాట పందొమ్మిది సార్లు వచ్చింది. లెక్కపెట్టాలని కూర్చోలేదురా, ఆరు దాటాక వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. అంశం భయభక్తులు అన్నావు గానీ భక్తి దగ్గరికి నలభయ్యో నిమిషానికి గాని రాలేదు. అప్పటికి వెనకాల పిల్లలు ఏడుస్తున్నారు.

మూడు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయని, సంఘ పెద్దలు ముఖం చాటేస్తున్నారని ఫోన్లో చెప్పావు. "సత్యం చెబితే ఇలాగే ఉంటుంది కదా మామయ్యా" అన్నావు. ఉంటుంది. కానీ వాళ్లు సత్యానికి జడిసి వెళ్లారా, నీ నోటికి జడిసి వెళ్లారా అన్నది తేల్చుకోకుండా ఆ మాట అనుకోకు. ఆ మాట మంచి దిండు లాంటిది. ముప్పై ఆరేళ్ల సేవలో నేను దాని మీద తల పెట్టుకుని చాలా రాత్రులు హాయిగా నిద్రపోయాను.

గట్టిగా చెప్పడం మానేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. మెత్తని ప్రసంగాలకి మనకిప్పుడు కరువేం లేదు. జనవరి ఒకటో తారీఖున వాగ్దానం కార్డులు పంచి, ఈ ఏడు నీకు అన్నీ రెట్టింపు అని చెప్పి పంపేస్తే జనం సంతోషంగానే వెళ్తారు. నువ్వు ఆ దారి పట్టలేదు, అందుకు నాకు లోపల గర్వంగానే ఉంది. నాకు పేచీ గట్టితనంతో కాదు, దాన్ని ఎక్కడ పెట్టావన్న దానితో.

మన ఇళ్లలో ముసలమ్మలు "ఈ పిల్లలకి పెద్దలంటే భయం భక్తీ లేకుండా పోయింది" అంటారు కదా. అలా అన్నప్పుడు ఎవరి మనసులోనూ బెత్తం ఉండదు. తాతయ్య వస్తే మంచం మీంచి లేవడం, ఆయన ముందు నోరు జారకపోవడం ఉంటాయి. మన బైబిల్లో యెహోవాయందు భయభక్తులు అని రెండు మాటలూ కలిపి పెట్టినవాళ్లు తెలుగు తెలిసే పెట్టారు. సీనాయి కొండ దగ్గర ఉరుములకీ పొగకీ జనం వణికిపోతుంటే మోషే ఏమన్నాడో నిర్గమకాండం 20వ అధ్యాయం 20వ వచనంలో చూడు. భయపడకండి అంటాడు. ఆయన భయం మీకు కలిగి మీరు పాపం చేయకుండా ఉండడానికే ఆయన వచ్చాడని ఆ వెంటనే అంటాడు. ఒక భయాన్ని పొమ్మన్నాడు, ఇంకో భయాన్ని ఉండమన్నాడు. నీ ప్రసంగంలో ఈ రెండూ కలిసిపోయాయి. 130వ కీర్తన అయితే ఇంకా వింతగా చెబుతుంది: నీ దగ్గర క్షమాపణ దొరుకుతుంది, జనం నీయందు భయభక్తులు నిలపడానికే అని. శిక్ష దొరుకుతుంది కాబట్టి అనలేదు. ఈ ఒక్క వచనం పట్టుకుని ఒక నెల గడుపు, నీ గొంతు దానంతట అదే మారుతుంది.

లేవీయకాండం అంటే నీ వయసు బోధకులు దాటేసి పోతారు. 19వ అధ్యాయం తియ్యి. చెవిటివాణ్ని తిట్టకు, గుడ్డివాడి ముందు అడ్డం వెయ్యకు, నీ దేవునికి భయపడు అని ఉంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించు. చెవిటివాడు నీ తిట్టు వినడు. గుడ్డివాడికి అడ్డం పెట్టిందెవరో కనపడదు. వాళ్లు ఫిర్యాదు చెయ్యలేరు, సాక్ష్యం చెప్పలేరు. అడిగే దిక్కు లేని ఆ చోటే దేవుడికి భయపడమంటున్నాడు. అదే అధ్యాయంలో తల నెరిసినవాడి ముందు లేచి నిలబడమని చెప్పి మళ్లీ ఆ మాటే అంటాడు. 25వ అధ్యాయంలో చితికిపోయిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్నప్పుడు ఆ మాటే. పనివాణ్ని కఠినంగా చూడొద్దన్నప్పుడూ ఆ మాటే. ధూపం గురించీ వేదిక గురించీ కాదు సుమా. మనం భయభక్తులంటే చెప్పులు బయట విడవడం, కొంగు తలమీదికి లాక్కోవడం, ప్రార్థనలో కళ్లు మూసుకోవడం అనుకుంటాం. అవీ మంచివే, నేనూ విడుస్తాను చెప్పులు. కానీ దేవుడు వెతుకుతున్నది వడ్డీ లెక్కల పుస్తకంలో.

ఒక సంగతి చెబుతాను, పేరు అడక్కు. నా రెండో సంఘంలో ధాన్యం కొనే ఒక పెద్దమనిషి ఉండేవాడు. సంఘ పెద్ద, మొదటి వరస, తెల్ల చొక్కా. ఓ ఆదివారం సామెతలు 11 నుంచి దొంగత్రాసు మీద చెప్పాను. ఎవరి వైపూ చూడలేదు, ఏ వృత్తినీ పేరెత్తి అనలేదు. సోమవారం పొద్దున్నే స్కూటర్ మీద ఇంటికొచ్చాడు. మీ అత్తయ్య ఇచ్చిన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడి, "అయ్యగారూ, తరుగు తియ్యడం కూడా అందులోకే వస్తుందంటారా?" అని అడిగాడు. తేమ, తాలు అని చెప్పి బస్తాకి రెండు కిలోలు తియ్యడం అక్కడ అందరూ చేసేదే. "ఆ రెండు కిలోలూ నిజంగా పోతాయా?" అన్నాను. మాట్లాడలేదు. టీ మీద మీగడ కట్టింది. "కొన్నిసార్లు పోతాయండి" అన్నాడు చివరికి, "కొన్నిసార్లు" అన్న మాట నొక్కి. ఆ తర్వాత కాటా దగ్గర ఏం చేశాడో నేను వెళ్లి చూడలేదు. ఆ ఏడు సంఘ పెద్దగా ఉండనని తనే పక్కకి తప్పుకున్నాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మందిరానికి మాత్రం ఒక్క వారం మానలేదు. మా కానుక డబ్బా ఆ ఏడు తేలికైంది, అదీ చెప్పాలి. నా జీతం అందులోంచే వచ్చేది కాబట్టి నాకు బాగా గుర్తు.

గట్టి ప్రసంగం అంటే నా లెక్కలో అదీ. వినేవాడు సోమవారం ఒక ప్రశ్న పట్టుకుని రావాలి. నీ ప్రసంగం విని ఎవరైనా ఏం అడగగలరు? సినిమాలు చూసే కుర్రాళ్లనీ, సీరియళ్లు చూసే ఆడవాళ్లనీ, లోకాన్నీ తిట్టావు. ఆ కుర్రాళ్లు అసలు మందిరంలో లేరు. ముందు వరసలో ఉన్నవాళ్లు తమ గురించి కాదని తెలుసుకుని "ఆమెన్" అన్నారు, రికార్డింగ్‌లో చక్కగా వినిపిస్తోంది. ఆమెన్ మరీ సులువుగా వస్తోందంటే బాణం గురి తప్పిందనుకో.

లూకా 3లో బాప్తిస్మమిచ్చే యోహానుని చూడు. సర్పసంతానమా అని మొదలుపెట్టినవాడే, మేమేం చెయ్యాలి అని జనం అడిగేసరికి ఎంత చిన్న చిన్న పనులు చెప్పాడో! రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. సుంకరి నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చెయ్యకూడదు. సిపాయి ఎవర్నీ బెదిరించి గుంజకూడదు, జీతంతో సరిపెట్టుకోవాలి. ఎవరి వృత్తికి తగిన మాట వాళ్లకి. నువ్వు కూడా శనివారం రాత్రి ప్రసంగం రాసుకున్నాక మీ సంఘంలో ఒక మేస్త్రీనీ, ఒక చీటీల ఆవిడనీ, ఒక గుమాస్తానీ మనసులో పెట్టుకుని, మంగళవారం లోపల వీళ్లు చెయ్యగలిగింది ఇందులో ఏముందీ అని చూసుకో. ఏమీ లేకపోతే చింపి మళ్లీ రాయి.

అయితే మనసులో పెట్టుకోవడం వేరు, వేలెత్తి చూపడం వేరు. ఇది నేను పాడుచేసిన చోటు. కొత్తలో, నీ వయసులోనే, ఒక పల్లెలో తాగుడు మీద ప్రసంగిస్తూ ఒకతని సంగతి పేరు చెప్పకుండా చెప్పాను. కాలవ గట్టున పడిపోవడం, సైకిల్ పోగొట్టుకోవడం అన్నీ. పల్లెటూళ్లో పేరు చెప్పకపోతే మాత్రం దాగుతుందా? చాప మీద ముందు కూర్చున్న అతని కూతురు, పదేళ్లది, తల వంచుకుని గౌను అంచు దారం లాగుతూ కూర్చుంది. పోగు పోగూ ఊడొచ్చింది. అది తర్వాత సండే స్కూల్‌కి రాలేదు. తండ్రి తాగుడూ మానలేదు. పుల్పిట్ మీద ఉన్నవాడికి ఎదురు చెప్పేవాడుండడు నాయనా, అందుకే అక్కడ ఒక మనిషి మీద పడ్డామంటే అది పిరికితనం. నాతాను ప్రవక్త దావీదు రాజు పాపాన్ని సభలో చాటలేదు. నేరుగా అతని దగ్గరికే వెళ్లాడు, గొర్రెపిల్ల కథ చెప్పి తీర్పు అతని నోటితోనే చెప్పించాడు, ఆ తర్వాత గాని "ఆ మనుష్యుడవు నీవే" అనలేదు. ఒక్కడి గురించైతే ఇంటికి వెళ్లు. అందరి గురించైతే పుల్పిట్ ఎక్కు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన మాట. ముప్పై మూడో నిమిషం దగ్గర, ఆరాధన మానేసిన కుటుంబానికి యాక్సిడెంట్ అయిందనీ, దేవుడితో ఆటలొద్దనీ అన్నావు. ఆ మూడు కుటుంబాల్లో ఒకటి వాళ్లదే కదూ? నువ్వు చెప్పకపోయినా అర్థమైంది. లూకా 13 ఎలా మర్చిపోయావురా! సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదు అని ప్రభువే జవాబు చెప్పాడు. మారుమనస్సు పొందమని ఆ వెంటనే అన్న మాట బతికి నిలబడి వింటున్నవాళ్లకి. చచ్చినవాళ్లని ఉదాహరణగా వాడుకోలేదు. ఇంకొకడి కాలు విరిగితే దాన్ని మన ప్రసంగానికి కర్రగా చేసుకోకూడదు.

నువ్వున్నది ఒంగోలు పక్కన కాబట్టి అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారి సంగతి మీ సంఘంలో ముసలివాళ్లు చెప్పే ఉంటారు. 1876లో మొదలైన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆకలి మీదున్న జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నా, సాయం అందుతున్నన్నాళ్లూ ఇవ్వకుండా ఏడాదికి పైగా ఆపాడు. కూలి కోసం, కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. పని అయిపోయాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ 2,222 అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ఆగిన ఏడాదే పెద్దది. ఆకలిని వాడుకోవడం చేతిలో పనే, వాడుకోలేదు. యాక్సిడెంట్‌ని వాడుకోవడం కూడా చేతిలో పనే.

చిన్నవి రెండు. ముగింపులో కీబోర్డు అబ్బాయిని మెల్లగా వాయించమనకు. వచ్చే ఏడుపు వాక్యానిదో కీబోర్డుదో నీకే తెలియదు. ఇంకోటి, ముప్పై నిమిషాలు చాలు. వాళ్లు పొలం నుంచి వచ్చి కూర్చున్నవాళ్లు.

ఇక నా సంగతి. కట్నం మీద నేను ఎప్పుడైనా ప్రసంగించగా విన్నావా? మీ పెద్ద బావ పెళ్లయ్యాక వినలేదు. ఆ పెళ్లిలో "మేం అడగలేదు, వాళ్లే ఇష్టపడి ఇచ్చారు" అని అందరికీ చెప్పాను. అడగలేదు, నిజమే. ఎంతిస్తారో చెప్పేదాకా తారీఖు ఖాయం చెయ్యలేదు, అదీ నిజమే. ఆ తర్వాత లేవీయకాండం చదువుతూ "నీ దేవునికి భయపడు" అన్న చోటికి రాగానే నా గొంతులో ఏదో అడ్డం పడేది, వేరే అధ్యాయానికి పోయేవాణ్ని. సంఘంలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకంటావా, వాళ్లకీ అదే వీలు. మలాకీ మొదటి అధ్యాయంలో గుడ్డి గొర్రెల్నీ కుంటి గొర్రెల్నీ బలి తెచ్చారని దేవుడు ముందు తిట్టింది యాజకుల్నే. ఆ అధ్యాయం మీద మాత్రం చాలాసార్లు చెప్పాను, కానుకల ఆదివారాల్లో, జనం వైపు తిప్పి.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. అమ్మాయి వాళ్లు ఎంత పెడతామన్నారో చెప్పి, "నువ్వు కూడా ఒక మాట చెప్పన్నయ్యా, వాడు ఒప్పుకోవడం లేదు" అంది. నేనేం చెప్పలేదు. వాడినే అడుగుతానన్నాను. నీ ప్రసంగం కాగితం ఎలా ఉందో చూసుకుని పండక్కి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఈలోపల ఆ మూడు ఇళ్లకీ వెళ్లు. మొదట యాక్సిడెంట్ అయిన ఇంటికి. బైబిలు చేతిలో పట్టుకుని వెళ్లకు, సాయంత్రం ఆయన ఇంట్లో ఉండే వేళ చూసుకుని, నాలుగు బత్తాయిలు తీసుకుని వెళ్లు. కాలు ఎలా ఉందని అడుగు. ఆ ఆదివారం మాట తప్పయిందని గుమ్మంలోనే చెప్పేసి, రమ్మంటే లోపలికి వెళ్లు.

మీ మామయ్య