చిన్న పార్టీకి తాత్కాలిక అధ్యక్షుడిగా ఒప్పుకుంటే రాజకీయ జీవితం అయిపోయినట్టేనా?

ఎవరన్నారండీ? మా మాజీ ఎమ్మెల్యే ఆడమ్ ఓల్సెన్ రెండుసార్లు ఒప్పుకున్నాడు, ఏమీ కాలేదు.

మాది కెనడాలో వాంకూవర్ దీవి మీద సిడ్నీ. (ఆస్ట్రేలియా సిడ్నీ కాదని మా అత్తగారికి పదేళ్లుగా చెబుతున్నాను.) 2013లో మా నియోజకవర్గంలో బ్రిటిష్ కొలంబియా గ్రీన్ పార్టీ తరఫున ఆడమ్ ఓల్సెన్ నిలబడ్డాడు. వచ్చింది మూడో స్థానం, కానీ గెలిచినాయనతో తేడా 379 ఓట్లే. ఆగస్టులో పార్టీ తాత్కాలిక పగ్గాలు ఆయన చేతిలో పెట్టింది. పార్టీకున్న ఒకే ఒక్క ఎమ్మెల్యే ఆండ్రూ వీవర్ అసెంబ్లీ లోపల, నాయకుడేమో బయట! 2015 డిసెంబర్ దాకా అలాగే లాక్కొచ్చి, చివరికి వీవర్‌కే అప్పగించాడు.

2017లో ఓల్సెన్ గెలిచాడు. 87 సీట్లలో గ్రీన్స్‌వి మూడే అయినా పెద్ద పార్టీలు రెండింటికీ మెజారిటీ రాలేదు. ఆ ముగ్గురి మద్దతుతోనే ఆ రెండింట్లో ఒకటైన ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) ప్రభుత్వం నిలబడింది. ఆ రెండేళ్ల చాకిరీయే ఆయన్ని గెలిపించిందని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి.

2020 జనవరిలో వీవర్ తప్పుకుంటే మళ్లీ ఈయనే. జూన్‌లో జరగాల్సిన కొత్త నాయకుడి ఎన్నిక కోవిడ్ వల్ల సెప్టెంబర్‌కి పోయింది. సోనియా ఫర్‌స్టెనావ్‌కి అప్పగించిన వారానికే అసెంబ్లీ ఎన్నికలు ప్రకటించారు. ఆయన సీటు ఆయన నిలబెట్టుకున్నాడు. 2024లో తనంతట తానే పోటీ మానుకున్నాడు.

అసలు కష్టం ఓడిపోవడం కాదండీ, అప్పగింత. మా నాన్నగారు ఆరేళ్లు ఇన్‌చార్జ్ హెడ్మాస్టరు. జీతం పాతదే, తిట్లు మాత్రం కొత్తవి. నా సంగతీ అంతే. ఇక్కడ మా తెలుగు వాళ్ల చిన్న సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్నాయన ఉద్యోగం మారి కాల్గరీ వెళ్తూ, "రెండు నెలలే కదా, మీరు చూసుకోండి" అన్నాడు. పద్దెనిమిది నెలలు చూసుకున్నాను. పులిహోర కలిపే పెద్ద గుండిగ, రెండు గంపల స్టీలు గ్లాసులు, చుట్టచుట్టిన ఉగాది బ్యానరు అన్నీ మా గరాజ్‌లోనే. కారు మాత్రం వానలో. హాలు బుకింగ్ నాది, టెన్షన్ నాది, మైకు పట్టుకుని మాట్లాడేది ఇంకొకరు.

చివరికి ఎన్నిక జరిగి కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. థాంక్స్ అంటాడేమోనని మా ఆవిడ టీ కూడా పెట్టింది. ఆయన గుండిగ మూత తీసి, లోపలికి తొంగి చూసి, కాగితం మీద లెక్క సరిచూసుకుని, "గరిటెలు నాలుగుండాలి కదండీ, మూడే ఉన్నాయేంటి?" అన్నాడు.