పియానిస్టు వదిలి వెళ్ళిన టేపులు: ప్లే నొక్కే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చనిపోయిన మీ గురువుగారు పియానిస్టు, ఆధునిక క్లాసికల్ పద్ధతిలో సొంత రచనలు చేసినవారు. ఇంట్లో నలభై దాకా స్పూల్ టేపులు (చక్రానికి చుట్టి ఉండేవి), ఒక పెట్టెడు క్యాసెట్లు, కొన్ని డాట్ (డిజిటల్ ఆడియో) టేపులు మిగిలాయి. స్కోర్లు, అంటే స్వరాలు రాసిన ప్రతులు, ఎలాగూ అచ్చయి ఉన్నాయి కాబట్టి బాగున్నవి నాలుగైదు ఏరి, శుభ్రం చేయించి, మిగతావి వదిలేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. నేనూ సరిగ్గా అలాగే అనుకుని మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నాకు పియానో నేర్పిన మేడం కూడా సొంతంగా రాసేవారు. ఆవిడ పోయాక వాళ్ళమ్మాయి నన్ను పిలిచి అలమార తెరిచి చూపించింది. యాభైకి పైనే టేపులు. డబ్బాల మీద రాత సగం చెరిగిపోయింది. ఒకదాని మీదైతే తేదీ లేదు, పేరు లేదు, పెన్సిల్‌తో "ఇది కాదు" అని మాత్రం ఉంది. ఏది కాదో ఆవిడకే తెలియాలి. ముందు దాన్నే పక్కన పడేశాను.

మీరు మాత్రం కుతూహలం కొద్దీ ఏ టేపునూ మిషన్ మీదికి ఎక్కించకండి. ఎవరో ఇచ్చిన పాత రికార్డర్ మీద 1970ల చివరి నాటి స్పూల్ ఒకటి పెట్టి నేను ప్లే నొక్కాను. రెండు నిమిషాలు కాకముందే కీచుమంటూ అరవడం మొదలైంది. ఆపి చూస్తే హెడ్ మీద, అంటే టేపుని చదివే భాగం మీద, గోధుమ రంగు జిగురు. ఆ జిగురులోనే మేడం వాయించింది ఉందని తట్టేసరికి నాకు చెమటలు పట్టాయి.

జరిగింది ఏమిటంటే, 1970లు, 80లలో వచ్చిన చాలా టేపుల్లో అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటిపెట్టి ఉంచే పాలీయురితేన్ పూత గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది. దీన్ని స్టికీ షెడ్ అంటారు. దీనికి విరుగుడు ఉంది. దాదాపు 54 డిగ్రీల సెల్సియస్ నిలకడైన వేడిలో ఎనిమిది గంటలో, ఇంకా ఎక్కువో ఉంచుతారు, దానికి బేకింగ్ అనే పేరు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు టేపు బుద్ధిగా తిరుగుతుంది. ఆలోగా కాపీ చేసుకోవాలి, మళ్ళీ మెత్తబడుతుంది. పేరు బేకింగ్ అయినా వంటింటి ఓవెన్ దీనికి పనికిరాదు, దాని వేడి నిలకడగా ఉండదు. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఇంకా పాతవి అసిటేట్ అనే ప్లాస్టిక్ పట్టీ ఉన్న టేపులు, వాటిని బేక్ చేస్తే పాడైపోతాయి. గుర్తుపట్టడం తేలికే. స్పూల్‌ను దీపానికి అడ్డంగా పట్టుకోండి. చుట్ట లోంచి వెలుతురు కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే చాలావరకు పాలిస్టర్. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వచ్చిందంటే ఆ అసిటేట్ పాడవడం మొదలైనట్టే. దాన్ని మిగతావాటి నుంచి విడదీసి, కాపీ చేయించే వరసలో ముందు పెట్టండి.

డాట్ టేపులు చిన్నగా, కొత్తగా కనిపిస్తాయి కదా అని చివరికి నెట్టకండి. ఆ ఫార్మాట్ వచ్చింది 1987లో. సోనీ ఆ మిషన్లు చెయ్యడం 2005లోనే ఆపేసింది. మామూలు టేపు పాడైతే శబ్దం మసకబారుతుంది, ఏదో ఒకటి వినపడుతుంది. డాట్ పాడైతే ఆ చోట ఇక నిశ్శబ్దమే. మా దగ్గర ఉన్న తొమ్మిదింటిలో రెండు అలా పోయాయి. స్పూళ్ళలో ఒక్కటీ పూర్తిగా పోలేదు.

ఇక పియానో గురించి. టేపుకి ఇంత కఠినమైన పరీక్ష పెట్టే వాయిద్యం ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. గాత్రంలో, వయొలిన్‌లో గమకమో కంపనమో ఉంటుంది కాబట్టి వేగం కాస్త ఊగినా చెవి సర్దుకుంటుంది. పియానోలో మీట కొట్టాక స్వరం స్థిరంగా నిలబడి మెల్లగా సన్నగిల్లాలి. మిషన్ ఏ కాస్త తడబడినా ఆ స్వరం నీళ్ళ కింద ఉన్నట్టు వణుకుతుంది. అందుకే కాపీ చేసేవాళ్ళని ఎన్నుకునేటప్పుడు వాళ్ళ కంప్యూటర్ గొప్పదా కాదా అని కాదు, టేప్ మిషన్ ఎంత బాగా చూసుకుంటున్నారు, ప్రతి టేపుకీ హెడ్ కోణం విడిగా సరిచేస్తారా అని అడగండి. కోణం సరిగా లేకపోతే పై స్థాయి మెరుపంతా పోయి పియానో గుడ్డ కప్పినట్టు వినపడుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ మెరుపు పూర్తిగా తిరిగి రాదు. టేపు బుసని తగ్గించే డాల్బీ, డీబీఎక్స్ లాంటి పద్ధతులు వాడి రికార్డ్ చేసిన టేపైతే, కాపీ చేసేటప్పుడూ అదే డీకోడర్ ఉండాలి. డబ్బా మీద ఒక మూల చిన్న గుర్తుగా అది రాసి ఉండొచ్చు, జాగ్రత్తగా చూడండి.

టేపు మొత్తమే తప్పు వేగంతో తిరిగిందేమో అన్న అనుమానం వస్తుంటుంది. ఆరు శాతం తేడా ఉంటే శ్రుతి సుమారు ఒక సెమీటోన్, అంటే పియానోలో పక్క మీటకి ఉన్నంత దూరం, మారిపోతుంది. రికార్డింగ్‌లో సన్నగా కరెంటు హమ్ (గుయ్‌మనే మోత) ఉంటే అది మంచి సాక్షి. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట రికార్డ్ చేసిన టేపులో హమ్ 51 దగ్గర పలికితే టేపు రెండు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. అయితే ఆ హమ్ టేపులోదా, ఇప్పుడు ప్లే చేస్తున్న మిషన్‌దా అని ముందు తేల్చుకోండి. కానీ పియానో శ్రుతిని చూసి, 'A' అనే స్వరాన్ని మామూలు ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కి తెచ్చేద్దాం అని మాత్రం తొందరపడకండి. పియానో పాతదై దిగి ఉండొచ్చు, లేదా కావాలనే వేరే శ్రుతిలో పెట్టి ఉండొచ్చు. అమెరికన్ స్వరకర్త లా మాంట్ యంగ్ రచన 'ద వెల్ ట్యూన్డ్ పియానో' ఉంది, 1981లో ఆయనే వాయించగా రికార్డ్ చేసి 1987లో విడుదల చేశారు, ఐదు గంటల నిడివి. అందులో పియానో శ్రుతే మామూలుది కాదు, స్వరాల మధ్య దూరాలని చిన్న అంకెల నిష్పత్తుల్లో పెట్టే జస్ట్ ఇంటొనేషన్. అలాంటిదాన్ని మామూలు పియానో శ్రుతికి లాగితే రచనే మాయమవుతుంది.

శుభ్రం చేయించడం గురించి నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పుకుంటాను. మొదటి పది టేపులు ఒక స్టూడియోకి ఇచ్చాం. చాలా అందంగా చేసి ఎంపీత్రీలుగా ఇచ్చారు. హిస్ (టేపు బుస) లేదు, దగ్గు లేదు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు. మేడం రాసిన ఒక రచనలో తీగల మధ్య స్క్రూలు, రబ్బరు ముక్కలు దూర్చి వాయిస్తారు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1940ల నుంచే పియానోను ఇలా సిద్ధం చేసి వాడాడు కదా, ఆ తరహా. ఆ గలగలనంతా సాఫ్ట్‌వేర్ చెత్త అనుకుని ఊడ్చేసింది. అడిగితే "పాత టేపు కదండీ, అందుకే అలా ఉంది" అన్నారు. అసలు కాపీ ఉంచలేదు. మళ్ళీ మొదటి నుంచి వేరేచోట చేయించాల్సి వచ్చింది. డబ్బు పోతే పోయింది, అందులో ఒక టేపు రెండోసారి తిరిగేటప్పుడు అతుకు దగ్గర ఊడింది. అదృష్టం బాగుండి మళ్ళీ అంటుకుంది.

కాబట్టి మీరు అడగాల్సింది ఏ మార్పూ చెయ్యని కాపీ, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. స్టీరియో అయితే గంటకి రెండు జీబీల చొప్పున పడుతుంది, ఈ రోజుల్లో అదేమంత భారం కాదు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వినడానికి, పంచుకోవడానికి వేరే కాపీ తీసి దాన్ని ఎలాగైనా శుభ్రం చేసుకోండి. మూలం కాపీలు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో. టేపులు మాత్రం పారెయ్యకండి.

ఇంత శ్రమ ఎందుకు, స్కోర్ ఉంది కదా అన్నారు. స్వరకర్తే పియానిస్టు అయినప్పుడు స్కోర్‌లో ఉండేది సగమే. స్వరకర్త, పియానిస్టు ఫ్రెడ్రిక్ జెఫ్‌స్కీ 1975లో రాసిన 'ద పీపుల్ యునైటెడ్ విల్ నెవర్ బి డిఫీటెడ్' చూడండి. ఒకే పాటని మార్చి మార్చి అల్లిన 36 వేరియేషన్లూ అచ్చులో ఉన్నాయి. కానీ చివర్లో, వాయించేవాళ్ళు కావాలంటే తమ మనోధర్మం ప్రకారం అప్పటికప్పుడు అల్లుకోవచ్చని ఒక కాడెన్జాకి, అంటే ఒంటరిగా స్వేచ్ఛగా వాయించే ఘట్టానికి, చోటు వదిలాడు. ఆ చోట జెఫ్‌స్కీ ఏ రోజు ఏం వాయించాడో తెలియాలంటే కాగితం ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు, ఆ రోజు రికార్డింగ్ ఉండాలి.

జూలియస్ ఈస్ట్‌మన్ కథ ఇంకా చేదు. పియానిస్టు, గాయకుడు, స్వరకర్త. 1980ల మొదట్లో న్యూయార్క్‌లో ఇల్లు ఖాళీ చేయించినప్పుడు సామానుతో పాటు రాతప్రతులు చాలావరకు పోయాయి. 1990లో 49 ఏళ్ళకే చనిపోతే, ఆ వార్త పత్రికకి ఎక్కడానికే నెలలు పట్టింది. 1998లో మేరీ జేన్ లీచ్ అనే స్వరకర్త ఆయన రాసిన పది సెల్లోల రచన ఒకటి వెతకబోయి, ఏళ్ళ తరబడి అక్కడా ఇక్కడా మిగిలిన టేపులు పోగు చేసింది. వాటితో 2005లో మూడు సీడీల సెట్ వచ్చింది. ఆ సెల్లోల రచన స్కోర్ దొరకనే లేదు, రికార్డింగ్ విని మళ్ళీ రాసుకున్నారు. అదే సెట్‌లో 1980 జనవరిలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కచేరీకి ముందు ఈస్ట్‌మన్ మాట్లాడిన మాటలూ ఉన్నాయి. తన రచనల పేర్ల మీద అక్కడ గొడవ జరిగితే, ఆ పేర్లు ఎందుకు పెట్టాడో తనే చెబుతాడు. సంగీతం మొదలయ్యేదాకా ఉన్నదంతా కత్తిరించెయ్యండి అని ఎవరో అని ఉంటే ఆ మాటలు ఇప్పుడు ఉండేవి కావు.

మా మేడం టేపుల్లోనూ పనికొచ్చినవి ఇలాంటి అంచుల్లోనే దొరికాయి. ఆవిడ రచన ఒకదానిలో రెండో భాగానికి అచ్చులో మెట్రోనోమ్ 60, అంటే నిమిషానికి 60 దెబ్బల వేగం, అని ఉంది. టేపుల్లో ఆవిడ 44కి అటూఇటూగా వాయించారు. వయసు మీద పడి నెమ్మదించారేమో అనుకున్నాం, కానీ అన్నిటికన్నా పాత టేపులోనూ అంతే. టేపు వేగమే తప్పేమో అనుకుందామంటే, అంత నెమ్మదిస్తే శ్రుతి ఐదు సెమీటోన్లకి పైగా దిగిపోవాలి, దిగలేదు. చివరికి ఒక రిహార్సల్ క్యాసెట్‌లో, పేజీలు తిప్పే కుర్రాడితో అంటున్న మాట దొరికింది: "ఆ అంకె ప్రెస్సు వాళ్ళది నాయనా, నాది కాదు."

అందుకే ఏరకండి. అన్నీ కాపీ అయ్యాక ఒక నోటుబుక్కు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినండి. ఏ నిమిషంలో ఏముందో, మాటలైతే మాటలు, తలుపు చప్పుడైతే తలుపు చప్పుడు, రాసుకోండి. రోజుకి రెండు గంటలకి మించి వినలేరు, తర్వాత చెవి అబద్ధం చెబుతుంది. డబ్బాలన్నిటికీ నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఆ నంబర్లే ఫైళ్ళకీ పెట్టండి. మాకు ఇదంతా అయ్యేసరికి రెండేళ్ళు పట్టింది, అదీ ఆదివారాలు మాత్రమే కూర్చుంటే.

హక్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. రచన మీద హక్కు, వాయించినవాళ్ళ హక్కు, ఆ రికార్డింగ్ మీద హక్కు మూడూ వేరు. కుటుంబం ఒప్పుకున్నంత మాత్రాన రేడియోవాళ్ళు రికార్డ్ చేసిన టేపు, లేదా పక్కన ఇంకో కళాకారుడు వాయించిన టేపు నెట్‌లో పెట్టెయ్యడం కుదరదు. ఏది ఎవరు రికార్డ్ చేశారో ఆ నోటుబుక్కులోనే రాసుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఇక ఆ "ఇది కాదు" టేపు. ఖాళీదో, చెడిపోయిందో అనుకుని అన్నిటికన్నా చివర కాపీ చేయించాం. విన్నాం. ఆవిడ పెద్ద సొనాటా, మొదటి నుంచి ఆఖరి బార్ (స్కోర్‌లో గీతల మధ్య ఉండే ఒక ఆవర్తం లాంటిది) దాకా, అచ్చులో ఎలా ఉందో అలాగే, ఒక్క తప్పు లేకుండా. అన్ని టేపుల్లోకీ అంత బాగా వాయించింది ఇంకోటి లేదు. మరి "ఇది కాదు" ఏమిటి? నోటుబుక్కు వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది, మిగతా నాలుగు కచేరీల్లోనూ ఆవిడ చివరి ఎనిమిది బార్లు వాయించలేదు. అంతకు ముందే చెయ్యి ఎత్తేశారు. ఆ నాలుగు చోట్లా మేం "మధ్యలో ఆగింది, టేపు అయిపోయిందేమో" అని రాసుకున్నాం. టేపు అవలేదు, తర్వాత చప్పట్లు ఉన్నాయి.

పోయిన నెల ఒక అమ్మాయి ఆ సొనాటా వాయిస్తానని స్కోర్ అడిగింది. స్కోర్‌తో పాటు ఆ ఐదు రికార్డింగులూ పంపాం.