సోల్ ఊడిన చెప్పుకి గమ్ చాలా, కుట్టించాలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర వానలో నడుస్తుంటే సోల్ ఊడింది, గమ్ చాలా అని అడిగారు. కుట్టించండి. తడి, దుమ్ము ఉన్న చోట గమ్ సరిగా పట్టదు.

చెప్పులు కుట్టేవారు ఆరెతో, అంటే పిడి ఉన్న లావుపాటి సూదితో, సోల్‌ని పొడుస్తారు. ఆరె మొన దగ్గర చిన్న గాడి ఉంటుంది. అది కింది దారాన్ని పట్టి ఉచ్చులా పైకి లాగుతుంది. ఆ ఉచ్చులోంచి రెండో కొస దూర్చి బిగిస్తారు. అందుకే ఒక కుట్టు తెగినా పక్కవి వెంటనే ఊడిపోవు. దారానికి మైనం రాస్తే నీళ్ళు తొందరగా పీల్చదు.

గీత గీయకుండానే కుట్లన్నీ సమానంగా పడాలంటే ఏళ్ళ సాధన కావాలి. రోడ్డు పక్కన ఎండలో కూర్చుని చేసే ఆ పనిని చిన్నగా చూస్తే నాకు బాధేస్తుంది. దయచేసి పది రూపాయలకు బేరమాడకండి. చెప్పుని మాత్రం కడిగి, ఆరబెట్టి తీసుకెళ్ళండి.