కంతులు తప్పితే కట్టిన సొమ్మంతా పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కావలి. సుమారు రెండున్నరేళ్ల క్రితం ఊరి పక్కన 25 అంకణాల స్థలం, అంకణం 36,000 లెక్కన 9 లక్షలకు మాట్లాడుకున్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని లక్ష బయానా ఇచ్చాను. మిగతాది నెలకు 20 వేల చొప్పున 40 కంతులు. 22 కంతులు కట్టాక రొయ్యల చెరువులో దెబ్బతిని ఆరు నెలలుగా కట్టలేకపోయాను. అంతకుముందు కూడా ఒకటి రెండు నెలలు ఆలస్యమైతే స్థలం ఆయన ఫోన్‌పేలో వేయించుకున్నాడే గానీ ఏమీ అనలేదు. ఇప్పుడు లాయరు నోటీసు పంపాడు. వరసగా మూడు కంతులు తప్పితే అగ్రిమెంటు రద్దని రాసుకున్నాం కాబట్టి నేను కట్టిన 5,40,000 తిరిగి ఇవ్వనంటున్నాడు. వేరేవాళ్లకు బేరం పెట్టాడని కూడా విన్నాను. నాకు స్థలం వస్తుందా? కనీసం డబ్బులన్నా వస్తాయా?

జవాబు: అలా రాసుకున్నంత మాత్రాన మొత్తం సొమ్ము ఆయన ఉంచేసుకోవడానికి కుదరదు. అలాగని అగ్రిమెంటు చేతిలో ఉంటే స్థలం మీదైపోయినట్టూ కాదు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందంతో భూమి మీద హక్కు రాదు, రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే హక్కు మాత్రమే వస్తుంది. అందుకే మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మిగిలిన 3,60,000 మీరు తేగలరా?

దీన్ని మొదటే ఎందుకు అడుగుతున్నానంటే, రిజిస్ట్రేషన్ కోసం దావా వేసినవాడు తన వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని రుజువు చేయాలి. నిర్దిష్ట ఉపశమన చట్టం 16(సి) సెక్షన్ అది. 2018 సవరణతో రిజిస్ట్రేషన్ చేయించమనడంలో కోర్టుల విచక్షణ బాగా తగ్గింది గానీ ఈ రుజువు భారం తప్పలేదు. ‘ఇస్తానన్నాను సార్, ఆయనే తీసుకోలేదు’ అంటే సరిపోదు. బ్యాంకు ఖాతాలో నిల్వ, మంజూరైన లోను, బంగారం తాకట్టు రసీదు, ఇలాంటివి ఏవో చూపించాలి.

భూమి బేరాల్లో గడువు మరీ ప్రాణం కాదన్నది పాత సూత్రం. దాన్ని నమ్ముకుని చాలామంది తాపీగా కూర్చుంటారు. కానీ కంతుల తేదీలు వేసి రాసుకున్న ఒప్పందంలో డబ్బు కట్టే గడువు ముఖ్యమేనని 2011లో శారదామణి కందప్పన్ కేసులో సుప్రీంకోర్టు అంది. మీకు అనుకూలమైన సంగతి, ఆలస్యంగా ఇచ్చినా ఆయన ఇన్నాళ్లూ తీసుకోవడం. అలా అలవాటు చేసినవాడు సరిపడా గడువిచ్చి హెచ్చరించకుండా ఒక్కసారిగా రద్దు అంటే చెల్లదని వాదించవచ్చు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా బ్యాంకులో సర్టిఫైడ్ స్టేట్‌మెంట్ తీసుకోండి.

ఇక ఈ వారంలోనే నోటీసుకు జవాబు పంపాలి. రద్దును ఒప్పుకోవడం లేదని, బాకీ పడ్డ 1,20,000 కట్టేస్తానని, మిగతా కంతులకూ సిద్ధమని రిజిస్టర్డ్ పోస్టులో రాయించండి. డీడీ తీసి చూపగలిగితే మరీ మంచిది. ఊరికే జవాబివ్వకుండా ఉంటే రేపు అదే మీకు అడ్డం వస్తుంది.

ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కూడా తీయించండి. మీ అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు కాబట్టి ఈసీలో కనపడదు. సంగతి తెలియక డబ్బిచ్చి కొన్నవాడిని చట్టం కాపాడుతుంది. అందుకే బేరం మాట నిజమైతే ఆలస్యం చేయకుండా దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంటును కూడా ఇలాంటి దావాలో సాక్ష్యంగా తీసుకుంటారు, దాని గురించి టెన్షన్ వద్దు. దావాలో రద్దు చెల్లదని ప్రకటించమని కూడా కోరండి. అది అడగనందుకే 2013లో సుప్రీంకోర్టులో ఒక కొనుగోలుదారు ఓడిపోయాడు. కోర్టు ఫీజు బాకీ మీద కాదు, మొత్తం 9 లక్షల మీద పడుతుంది. దావా వేయడానికి గడువు మూడేళ్లు.

డబ్బు సర్దలేమని తేలితే స్థలం మీద ఆశ వదిలేసి కట్టింది రాబట్టుకోండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం మాట తప్పినందుకు న్యాయమైన నష్టపరిహారమే ఇవ్వాలి, రాసుకున్న జరిమానా అంతా కాదు. 1963లో ఫతేచంద్ కేసులో అమ్మకందారు 25,000 ఉంచేసుకోబోతే, బయానాగా ఇచ్చిన 1,000 వరకే సుప్రీంకోర్టు ఒప్పుకుంది (ఆస్తిని అనుభవించినందుకు లెక్క వేరే). మీ లక్ష బయానా మీద ఆశ తక్కువ. కంతులుగా కట్టిన 4,40,000 విషయంలో మాత్రం మీ వాదన గట్టిది. రిజిస్ట్రేషన్ కోసం వేసే దావాలోనైనా ‘అది కాకపోతే డబ్బు వాపసు’ అని విడిగా కోరాలి. అడగని వాపసును కోర్టు ఇప్పించదు.

ఇంకొకటి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. మన నెల్లూరు, ప్రకాశం వైపు చుక్కల భూముల (పాత రికార్డుల్లో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టినవి) గొడవ తెలిసిందే కదా. ఆ జాబితాలో ఉంటే ఆయనే మీకు రిజిస్టర్ చేయలేడు, అప్పుడు తప్పు ఎవరిదన్న లెక్కే మారిపోతుంది. స్థలం లేఅవుట్‌లోది, ఆ లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటినది అయితే రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెళ్లే దారి కూడా ఉంటుంది. అక్కడ ప్రమోటరు (లేఅవుట్ వేసి అమ్మేవాడు) రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

ఆయన మాట వినే మనిషైతే దావాకు ముందే లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టండి. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది. అయితే ఈలోగా ఆయన వేరేవాళ్లకు రిజిస్టర్ చేసేస్తాడన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ముందు ఇంజంక్షన్, తర్వాతే రాజీ.