చిన్న ఈగల ఫొటోలు: పేరు పెట్టేముందు చూడాల్సినవి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అందంగా ఉన్నాయి గానీ, వాటితో ఈగ పేరు చెప్పడం కష్టం. అన్నీ పైనుంచి తీసినవే. ఒంటి రంగు బాగా పడింది, రెక్కల మీది ఈనెలు మాత్రం ఫ్లాష్ మెరుపులో కొట్టుకుపోయాయి. ఈగల్లో రంగును చివర చూడాలి, ఈనెలను ముందు చూడాలి. ఇప్పుడే బయటికి వచ్చిన ఈగ పాలిపోయి ఉంటుంది, చచ్చిన ఈగకు కళ్ల రంగు మారిపోతుంది. ఈనెల అమరిక మాత్రం మారదు.

ఒక్కో ఈగకు కనీసం మూడు ఫొటోలు కావాలి. పైనుంచి తీస్తే రెక్కలూ వీపు చారలూ, పక్కనుంచి తీస్తే కాళ్లూ గట్టి రోమాలూ, ఎదురుగా తీస్తే కళ్ల మధ్య ఎడమూ మీసాలూ తెలుస్తాయి. 3 మి.మీ. ఈగ 1:1 మాక్రోలో సెన్సార్ మీద 3 మి.మీ. మేరే పడుతుంది. అందుకే వీలైతే 2:1కి, అంటే రెట్టింపు సైజుకి వెళ్లు. ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉంచు. ఇంకా మూస్తే ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది గానీ, ఇరుకు రంధ్రంలో వెలుగు చెదిరిపోవడంతో (డిఫ్రాక్షన్) సన్న ఈనెలు మసకబారతాయి. ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఈగలు మందకొడిగా ఉంటాయి. అప్పుడు కూడా నీ నీడ వాటి మీద పడనీయకు. ఈగ ఎగిరిపోయాక అదే ఆకు మీద, అదే దూరం నుంచి స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీస్తే సైజు తేలిపోతుంది.

ముందు అది ఈగేనా అని చూడు. ఒకే జత రెక్కలు, వాటి వెనక పుల్లకు గుండు తొడిగినట్టుండే హాల్టియర్లు ఉండాలి. చిన్న కందిరీగలకు రెండు జతలుంటాయి, కానీ కొక్కేలతో కలిసిపోయి ఒకే జతలా కనిపిస్తాయి. తేనెటీగలా కనిపించి మోసం చేసే హోవర్ ఫ్లై అనే ఈగను పొట్టి మీసాలు పట్టిస్తాయి.

తర్వాత మీసాలు చూడు. దారంలా పొడవుగా, చాలా కణుపులతో ఉంటే దోమల వైపు బంధువు. పొడవాటి తొండం లేకపోతే దోమ అనకు, అది దోమలాగే ఉండి కుట్టని కైరోనమిడ్ కావచ్చు. మీసాల పైన రెండు కళ్లూ సన్నటి వంతెనలా కలిస్తే సియారిడే అనే చిన్న ఈగల కుటుంబం కావచ్చు. ఎదురు ఫొటో లేకపోతే ఇది తేలదు. మీసాలు పొట్టిగా, చివరి కణుపు మీద ఒక రోమంతో ఉంటే ఇంటీగ వైపు చూడు.

అసలు పని రెక్కలోనే ఉంది. నాలుగో పొడవు ఈనె చివర చురుగ్గా ముందుకు వంగి, వీపు మీద నాలుగు నల్ల చారలుంటే ఇంటీగ. ఆ ఈనె తిన్నగా వెళ్తే ఇంటీగను పోలిన ఫానియా కావచ్చు. ముందంచు దగ్గర మాత్రమే లావు ఈనెలుండి, మిగతావి అడ్డ ఈనెలు లేకుండా సన్నగా ఏటవాలుగా పోతే ఫోరిడే కుటుంబం ఈగ. దీన్ని గూని వీపుతో కూడా పోల్చుకోవచ్చు. కుళ్లిన పండు దగ్గర కనిపించింది కదా అని దీన్నే డ్రోసోఫిలా (పండ్ల ఈగ) అనేస్తుంటారు.

రెక్క కొసన మచ్చ కనబడగానే డ్రోసోఫిలా సుజుకీ అని రాసేయకు. ఆ జాతి మగ ఈగకు మచ్చ ఉన్న మాట నిజమే, కానీ మరికొన్ని డ్రోసోఫిలాలకూ ఉంటుంది, చీమలా సన్న నడుముండే సెప్సిడే ఈగలకూ ఉంటుంది. ఆడ సుజుకీకి మచ్చే ఉండదు. దాని అండ నిక్షేపకం, అంటే గుడ్లు పెట్టే అవయవం, రంపపు పళ్లలా ఉంటుంది, అది పక్క ఫొటోలో పదునుగా పడాలి.

ఫొటో చూసి యాప్ చెప్పిన పేరు ఒక ఊహ మాత్రమే. కుటుంబం పేరుతో ఆగాలా, జాతి దాకా వెళ్లాలా అన్నది నువ్వే తేల్చుకోవాలి. వీపు మీద మూడు చారలు, ఉదరం మీద చదరంగం గళ్లు ఉంటే సార్కోఫాగిడే అనే కుటుంబం పేరు రాసి ఆగిపో. జాతి తేలాలంటే సాధారణంగా మగ ఈగ జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాలి. ఒకేలా కనిపించే డ్రోసోఫిలా మెలనోగాస్టర్, డ్రోసోఫిలా సిములాన్స్ జాతులను విడదీయడానికీ అదే దారి.

ఈసారి కత్తిరించని అసలు ఫైళ్లు పంపు. ఫోన్ అతిగా పదును పెడితే లేని రోమాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. తేదీ, చోటు, ఏ మొక్క మీద, ఏం చేస్తుండగా తీశావో పక్కనే రాయి.