తలుపు తీసే ఉన్నా బయటికి రారు... మా ఆయనకు పిచ్చి పడుతోందా?

ప్రశ్న: మాది జనగామ జిల్లా. మా ఆయన వయసు 44. పొలం గట్టు తగాదాలో ఒకరి ప్రాణం పోయిన కేసులో 2014లో జైలుకు వెళ్లారు. మొదట వరంగల్‌లో, తర్వాత చర్లపల్లిలో ఉన్నారు. పదేళ్ల తర్వాత, ఆరు నెలల కిందట విడుదలై వచ్చారు. తెల్లవారుజామున అయిదింటికే లేచి దుప్పటి మడిచి, గోడ పక్కన నిలబడతారు. మంచినీళ్లు కావాలన్నా ‘తాగనా?’ అని నన్ను అడుగుతారు. సాయంత్రం ఆరయితే గడప దాటరు. లైటు తీసేస్తే నిద్రపోరు. బిందె కింద పడితే వణికిపోతారు. మా పాపకు పన్నెండేళ్లు, తండ్రిని ‘మీరు’ అని పిలిచి పక్కకు తప్పుకుంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్రలు మూడు నెలలుగా వేసుకుంటున్నారు. ‘పిచ్చి ముదురుతోంది, ఎర్రగడ్డకు తీసుకుపో’ అంటున్నారు మా వాళ్లు. మనిషి చిక్కిపోయారు, రెండు నెలలుగా దగ్గు కూడా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు ఆ దగ్గు సంగతి చూద్దాం. ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, నా కన్ను అక్కడే ఆగింది. కిక్కిరిసిన బ్యారక్‌లో పక్కపక్కనే పడుకుని ఏళ్లు గడిపిన మనిషికి రెండు వారాలకు మించి దగ్గు ఉండి, ఒళ్లు కూడా తగ్గుతోందంటే క్షయ లేదని తేల్చుకోవాల్సిందే. బయటి జనంతో పోలిస్తే జైళ్లలో టీబీ చాలా ఎక్కువ. ఈ వారంలోనే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అక్కడే చేస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష అనగానే కంగారు పడకండి, టీబీ అనుమానం ఉన్నవాళ్లకు అది మామూలుగా చేసేదే. టీబీ అని తేలినా భయం లేదు. మామూలు టీబీ అయితే ఆరు నెలల మందులు, అన్నీ ఉచితం. తిండి ఖర్చు కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. అలా తేలితే మీరు, పాప కూడా పరీక్ష చేయించుకోవాలి. రిపోర్టు వచ్చేదాకా కిటికీలు తీసి ఉంచండి, దగ్గేటప్పుడు తుండుగుడ్డ అడ్డం పెట్టుకోమనండి.

ఇక పిచ్చి మాట. కొన్నేళ్ల కిందట, ఏడేళ్ల శిక్ష ముగించుకుని వచ్చిన ఒకాయన నా ఓపీకి వచ్చారు. పేరు పిలిస్తే లేచి గుమ్మం దాకా వచ్చి, చేతులు కట్టుకుని ఆగిపోయారు. తలుపు ఓరగా తీసే ఉంది. ‘రండి’ అని రెండుసార్లు అన్నాను, కదల్లేదు. మా ఆయా వెళ్లి తలుపు బార్లా తీశాక గానీ అడుగు లోపల పెట్టలేదు. చెప్పులు ఎక్కడ పెట్టాలని అడిగారు. చూస్తే అవి అప్పటికే ఆయన చేతిలో ఉన్నాయి. ఆయనకు పిచ్చి లేదు. ఏడేళ్లలో ఒక్క తలుపు కూడా తన చేత్తో తీసుకునే పని పడలేదు, అంతే.

ఖైదీ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి తలచుకోండి. పొద్దున లాకప్ తీస్తారు, లెక్కపెడతారు. పని, తిండి, ములాఖత్ అన్నీ వేళ ప్రకారం. సాయంత్రం మళ్లీ లెక్క, మళ్లీ తాళం. బ్యారక్‌లో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇనుప చప్పుడైతే ఎవరో వస్తున్నట్టు లెక్క, గొడవ కూడా కావచ్చు. అలాంటి చోట అడక్కుండా అడుగు వేసిన వాడికి తిట్లు పడతాయి, అడిగి వేసిన వాడి రోజు సాఫీగా గడుస్తుంది. అంటే మీ ఆయన అక్కడ తెలివిగానే బతికారు. ఆ తెలివిని ఒంట్లోంచి తీసేయడానికే ఇప్పుడు టైం పడుతోంది. ఖైదీ మెల్లగా జైలు పద్ధతిలో ఒదిగిపోవడాన్ని డోనాల్డ్ క్లెమర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1940లోనే వివరించి, దానికో పేరు కూడా పెట్టారు. మనకేమో విడుదల కాగితం చేతికొచ్చిన రోజే మనిషి మామూలు అయిపోవాలని ఆశ.

పైగా ఆయన వదిలి వెళ్లిన లోకం ఇప్పుడు లేదు. ఆయన వెళ్లేనాటికి మీది వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జనగామ. అదే ఏడాది నవంబరులో పాత అయిదొందల నోటు చెల్లకుండా పోయింది. ఇప్పుడు చాయ్ బండి దగ్గర కూడా ఫోన్ చూపించి డబ్బులు కడుతున్నారు. చివరికి ఆయన ఉన్న వరంగల్ జైలు కూడా లేదు. 2021లో ఖైదీలను వేరే జైళ్లకు పంపి, దాన్ని కూల్చేశారు, ఆ జాగాలో ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. గడప దాటడానికి జంకడంలో వింతేముంది?

అయినా మానసిక వైద్యుడికి ఒకసారి చూపించాలి. చప్పుడుకు వణకడం, నిద్ర పట్టకపోవడం ఆరు నెలలైనా తగ్గలేదంటే అది అలవాటు ఒక్కటే కాకపోవచ్చు. ఆ తగాదా, ఆ చావు, లోపల చూసినవి పీడకలలై వెంటాడుతున్నాయేమో నెమ్మదిగా అడగాలి. డిప్రెషన్ కూడా ఉండొచ్చు. రెండింటికీ మంచి మందులున్నాయి, మాటలతో చేసే వైద్యం కూడా ఉంది. మీకు వరంగల్ ఎంజీఎంలోని మానసిక విభాగం దగ్గర. ఎర్రగడ్డ అయినా తప్పు కాదు, పాపం ఆ ఊరి పేరును మనమే తిట్టుగా మార్చేశాం. మీరు రాసినదాన్ని బట్టి ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. కానీ ‘నేను మీకు భారం’, ‘లోపలే నయం’ లాంటి మాటలు అంటున్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నా ఆలస్యం చేయకండి. ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం టెలీ మానస్‌లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

నిద్రమాత్రల పేరు మీరు రాయలేదు. ఊళ్లలో ఎక్కువగా ఇచ్చేది ఆల్‌ప్రజోలం. మూడు నెలలు వాడాక దాన్ని టక్కున ఆపితే టెన్షన్ రెట్టింపవుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మీకై మీరు ఆపకండి, పెంచకండి. మాత్రల పట్టీ తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే మెల్లగా తగ్గిస్తారు. మందు మీద మందు అసలు వద్దు, అంటే ఆ మాత్ర వేసుకున్న రోజు కల్లు, సారా ఏదీ ముట్టకూడదు.

ఈ సందర్భంలోనే, కొత్తగా విడుదలైన వాళ్లు ఇంట్లో ఉన్న మిగతా పాఠకులకు ఒక మాట. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ముప్పై వేల మంది వివరాలు పరిశీలించి 2007లో ప్రచురించారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లకు చావు ముప్పు ఆ రాష్ట్రంలోని మిగతా జనం కంటే 12 రెట్లకు పైగా ఉంది. ప్రధాన కారణం మత్తుమందుల మోతాదు మించడం. లోపల ఉన్నన్నాళ్లు అలవాటు తప్పుతుంది, శరీరం తట్టుకునే శక్తి పోతుంది, బయటికి రాగానే పాత లెక్కలోనే తీసుకుంటారు. విడుదల పార్టీలు ఇచ్చే స్నేహితులు ఇది గుర్తుంచుకుంటే చాలు.

ఇంట్లో మీరు చేయాల్సింది కొంత ఉంది. ‘తాగనా?’ అంటే ‘తాగు’ అనకండి, అంటే ఆ వార్డెన్ పని మీకు అంటుకుంటుంది. ‘కుండ అక్కడుంది’ అనండి చాలు. ‘పప్పు చేయనా, పచ్చిపులుసా?’ అని రోజుకు ఒక్కటైనా ఆయన్నే తేల్చమనండి. మొదట్లో ‘నీ ఇష్టం’ అంటారు, విసుక్కోకుండా మళ్లీ అడగండి. ఇంటి తాళంచెవి ఒకటి ఆయన జేబులో ఉండనివ్వండి. పడుకునే గదిలో జీరో బల్బు వెలగనివ్వండి, కరెంటు బిల్లు ఏమంత పెరగదు. సాయంత్రం ఆరింటికి వాకిట్లో మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి. వస్తే వస్తారు, రాకపోతే పిలవకండి.

పాపకు తండ్రి అంటే ములాఖత్‌లో జాలీ అవతల కనిపించిన మనిషి. ‘నాన్న అను’ అని బలవంతపెట్టకండి. ఫోన్‌లో డబ్బులు ఎలా కట్టాలో నాన్నకు నేర్పే పని దానికి అప్పజెప్పండి. టీచరమ్మ వేషం ఏ పిల్లకైనా ఇష్టమే.

జైల్లో ఏం పని చేసేవారో మీరు రాయలేదు, అడిగి తెలుసుకోండి. దర్రీల (జంపఖానాల) నేత వస్తే వరంగల్ కొత్తవాడలో ఆ పని ఉంది, వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైన వాళ్లకు పని ఇస్తుంటారు. ఆయన ఉండి వచ్చిన జైలు వెల్ఫేర్ ఆఫీసర్‌ను అడిగి చూడండి. మళ్లీ జైలు గేటు దగ్గరికి వెళ్లడానికి ఆయన ఒప్పుకోకపోతే మీరే వెళ్లండి.

తెమడ పరీక్ష రిపోర్టు రాగానే నాకు రాయండి. ఆ మాత్రల పేరు కూడా.